మా ఊళ్లో ఇక జైలు లేదు!

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా ఆయనకు జైల్లో ఏమైనా అయితే ఆ సంగతి నాకు ఎవరూ చెప్పరని.

ఇక ఆ భయం అక్కర్లేదు. హాయిగా నిద్రపోవచ్చు. ఎందుకంటే మా ఊళ్లో ఇప్పుడు జైలే లేదు!

కూల్చేశారనుకునేరు. గోడలు అక్కడే ఉన్నాయి. గోడల మీద ముళ్లకంచె కూడా అక్కడే ఉంది. మారింది బోర్డు. ‘సంస్కరణ, పునరావాస కేంద్రం’ అని నీలం అక్షరాలతో కొత్తది పెట్టారు. అక్షరాల పక్కన ఎగురుతున్న తెల్ల పావురం బొమ్మ. సరిగ్గా దాని తలమీదే అసలు ముళ్లకంచె ఉండటం వల్ల ఆ పావురం కాస్త జంకుతున్నట్టు కనిపిస్తుంది. అయినా బొమ్మే కదా, ఎక్కడికి పోతుంది?

రొట్టెల దుకాణం ముందు క్యూ వల్ల ఇరుగుపొరుగు స్నేహాలు పెరుగుతాయని ఇంతకుముందు ఈ పత్రికలో ఇదే చోట రాశాను. కుళాయిలో నీళ్లు రాకపోతే అంట్లు తోమే బాధ తప్పి ఆడవాళ్ల చేతులు మెత్తబడతాయనీ రాశాను. కొందరు నవ్వారు. ఈసారి నవ్వకుండా చదవండి, దేశ ప్రతిష్ఠ సంగతి ఇది! చదువు మధ్యలో ఆగిపోయినదాన్ని కాబట్టి పెద్ద మాటలు ఎక్కడైనా తప్పుగా పడితే మీరే సర్దుకోండి. ఆ మాటలు నావి కావు, అధికారులిచ్చినవి.

ముందు ఆ మాటలే చూడండి. ఇకమీదట ఖైదీని ఖైదీ అనకూడదు, ‘లబ్ధిదారు’ అనాలి. కాపలావాడు ‘మార్గదర్శి’. ఒంటరి కొట్టు ‘ఆత్మపరిశీలన గది’. ఆ గదికి కిటికీ లేదు. నిజమే మరి, కిటికీ ఉంటే మనిషి బయటికి చూస్తాడు కానీ తన లోపలికి ఎందుకు చూసుకుంటాడు?

మా ఆయన లుత్ఫీ కూడా ఒక లబ్ధిదారే. రేవులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఒకరోజు ఎవరో ఒక పాత ఇంజన్ తెచ్చారు, ఈయన బాగుచేసి పంపాడు. ఆ ఇంజన్ బిగించిన పడవలో మా పేట కుర్రాళ్లు దొంగచాటుగా సముద్రం దాటి నేరుగా ఇటలీలో దిగారు. అదీ కేసు! ఇంజన్ నడిసముద్రంలో ఆగిపోయి ఉంటే ఈయన నిర్దోషి. మా దేశంలో పనితనం లేదని ఇంకెవరూ అనకూడదు. పనితనానికి శిక్ష వేసేంత స్థాయికి ఎదిగాం!

మరి అలాంటివాణ్ని సంస్కరించడం ఎలా? చాలా ఆలోచించి ఒక మార్గం కనిపెట్టారు. బయటికి వచ్చాక గౌరవంగా బతకడానికి ఆయనకు ఒక వృత్తి నేర్పిస్తున్నారు. ఏ వృత్తో చెప్పండి? ఇంజన్ రిపేరు! వర్క్‌షాపులో ఇంజన్ మాత్రం లేదు. గోడకు ఇంజన్ ఫొటో ఉంది. ఫొటోలోని ఇంజన్‌తో ఏ పడవా ఇటలీ చేరదు కదా. ఇదీ ముందుచూపంటే!

ఈ గొప్ప మార్పు గురించి చెప్పడానికి కుటుంబాలవాళ్లందరినీ మునిసిపల్ హాలుకి పిలిచారు. జ్యూసు ఇచ్చారు, కేకు ఇచ్చారు. రాజధాని నుంచి ఒక నిపుణుడు వచ్చి తెరమీద ఫొటోలు చూపించాడు. మా అత్తగారు మన్నూబియా ముందు వరుసలో కూర్చుని, జ్యూసు గ్లాసు కొంగుచాటున పెట్టుకుని శ్రద్ధగా చూసింది.

మొదట నార్వే. ఖైదీ గదిలో మంచం, బల్ల, టీవీ. కిటికీ అవతల అడవి. కాపలావాళ్లు ఖైదీల పక్కనే కూర్చుని భోంచేస్తారట.

“గదికి తాళంచెవి ఖైదీ దగ్గరే ఉంటుందమ్మా!” అన్నాడు నిపుణుడు.

“మా ఇంటి తలుపుకి గడియే లేదు నాయనా. మమ్మల్ని కూడా అందులో పెట్టకూడదూ?” అంది మా అత్తగారు.

తర్వాత హాలండ్. అక్కడ ఖైదీలు తగ్గిపోయి జైళ్లు మూసేస్తున్నారట. ఒక జైలుని హోటల్ చేశారట.

“ఖైదీలు దొరక్క ఇబ్బంది పడుతున్నారా పాపం! మన దగ్గర బోలెడుమంది ఉన్నారుగా, పంపండి. ఆలివ్ నూనె పంపడం లేదూ?” అంది మళ్లీ మా అత్తగారు.

హాలంతా నవ్వింది. నిపుణుడు కూడా నవ్వి, గబగబా ఇటలీకి వెళ్లాడు. అక్కడ ఒక జైల్లో ఖైదీలే నడిపే రెస్టారెంటు ఉందట. ఊళ్లోవాళ్లు ముందుగా టేబుల్ చెప్పుకుని మరీ వెళ్లి తింటారట. వెనక వరుసలో కూర్చున్న కుర్రాళ్లు ఆ ఫొటోని చూసిన చూపు నాకు అర్థమైంది. పడవ ఎక్కినందుకు పట్టుకుంటారు. పట్టుకుని, ఇటలీలో జైలే ఇలా ఉంటుందని చూపిస్తారు! రేవు దగ్గర ఇంతకంటే మంచి ప్రకటన ఎవరైనా పెట్టగలరా?

అమెరికాలో కొన్ని చోట్ల ఖైదీ దగ్గర జైలు గదికి అద్దె వసూలు చేస్తారని నేను ఎక్కడో విన్నాను. ఆ ఫొటో చూపించలేదు. మీరు కూడా మా అధికారుల చెవిన వేయకండి, దండం పెడతాను.

చివరికి నిపుణుడు అసలు సంగతికి వచ్చాడు. “ఈ దేశాల్లో ఎక్కడా బుట్ట లేదు. ఇక మన దగ్గరా ఉండదు!”

బుట్ట అంటే మీకు వేరే చెప్పాలా? ఇంట్లో ఒకరు లోపలికి వెళితే మిగిలినవాళ్లందరూ బుట్ట మోయాల్సిందే. గోధుమరవ్వ కుస్కుస్ ఒక డబ్బాలో, హరీసా మిరపకారం ఒక డబ్బాలో, ఉతికిన బట్టలు పైన. దానిమీద గుడ్డ కప్పి కట్టి, క్యూలో నిలబడి గేటు దగ్గర ఇస్తాం. ఖాళీ డబ్బాలు, మాసిన బట్టలు అదే బుట్టలో వెనక్కి వస్తాయి. మా అమ్మ మా నాన్నకి మోసింది. మా అత్తగారు మా మామగారికి మోసింది. మా వైపు పెళ్లిచూపుల్లో పిల్లకి వంట వచ్చా అని అడిగేటప్పుడు పెద్దవాళ్ల మనసులో ఈ బుట్ట కూడా ఉంటుంది.

ఎంత వెనకబాటుతనం! గేటు దగ్గర మఖ్లూఫ్ బాబాయ్ ఒక పొడుగాటి ఇనుప చువ్వ పట్టుకుని కూర్చునేవాడు. అదే చువ్వ కుస్కుస్‌లో గుచ్చేవాడు, అదే సబ్బులో గుచ్చేవాడు, మళ్లీ అదే చేపలో. పైగా విమర్శలు!

“ఏమే అమ్మాయ్, ముల్లంగి ఉడకలేదు. కట్టుకున్నవాడి మీద కోపమా?”

“నువ్వు తినమాక బాబాయ్. ఆయనకి అలాగే ఇష్టం.”

“నేను తింటున్నానా? తనిఖీ చేస్తున్నా!” అని ఇంకో ముక్క తనిఖీ చేసేవాడు.

ఇప్పుడు ఆ బాధలేవీ లేవు. బుట్ట రద్దు. దాని బదులు ‘పోషకాహార కార్డు’ ఇచ్చారు. లోపల వంటశాల ఉంది, క్యాంటీన్ ఉంది. మాకు చాకిరీ తప్పింది. ఆయనకు ఇటలీవాళ్ల లాంటి భోజనం. ఇంకేం కావాలి?

కానీ ఆడవాళ్లం మూర్ఖులం. పాత అలవాట్లు ఒక పట్టాన పోవు. బుట్ట అనేది తిండి లోపలికి పోవడానికని నిపుణుడు అనుకుంటున్నాడు. మేమేమో అది వెనక్కి రావడం కోసం మోసేవాళ్లం.

నాతోపాటు క్యూలో నిలబడే హస్నా సంగతే చూడండి. వాళ్ల తమ్ముణ్ని ఇంకో ఊరి జైలుకి మార్చేశారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. బుట్ట ఇస్తూనే ఉంది, గేటు దగ్గర తీసుకుంటూనే ఉన్నారు, ఖాళీ డబ్బాలు వస్తూనే ఉన్నాయి. ఒకరోజు ఆమె డబ్బా తెరిచి నెత్తి బాదుకుంది. “శుభ్రంగా కడిగి ఉందే! మా వెధవ పుట్టినప్పటినుంచి ఒక్క గిన్నె కడిగినవాడు కాదు. వాడు లోపల లేడు!” నిజంగానే లేడు. అంత ఖచ్చితమైన సమాచారం ఏ ఆఫీసు ఇస్తుంది?

మా ఆయన డబ్బాలు కడిగినా కడగకపోయినా నాకు దిగులు ఉండేది కాదు. ఆయన గుడ్డకు ముడి వేసేవాడు. పడవని రేవుకు కట్టే ముడి. మధ్యలో పట్టుకుని ఎంత గుంజినా ఊడదు. ఒక కొస ఉంటుంది, అది పట్టుకుని లాగితే మాత్రం మొత్తం ఒక్కసారిగా విడిపోతుంది. ఆ కొస లాగడం మా యుస్రా పని. వాళ్ల నాన్న మొహం ఆ పిల్లకు సరిగా గుర్తులేదు కానీ, ఆ ముడి గుర్తు. బుట్ట రాగానే పరుగెత్తుకొచ్చి, లాగి, గుడ్డ విచ్చుకోగానే కేరింతలు కొట్టేది.

బుట్టలు ఆపేసే ముందు చివరిసారి వచ్చినప్పుడు కూడా అలాగే పరుగెత్తుకొచ్చి లాగింది. ముడి విడలేదు. ఇంకా బిగుసుకుంది. పిల్ల మళ్లీ లాగింది, మళ్లీ బిగుసుకుంది.

“ఇలా తే. ఎవడో చేతకానివాడు కట్టాడు” అని మా అత్తగారు కత్తెరతో కోసింది. కోశాక ఆ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. డబ్బాలు మాత్రం చూశాను. కడిగి ఉన్నాయి.

మర్నాడే గేటు దగ్గరికి వెళ్లాం. మఖ్లూఫ్ బాబాయ్ ఇప్పుడు మార్గదర్శి. చువ్వ తీసేసుకుని ఆయన ముందు కంప్యూటర్ పెట్టారు.

“బాబాయ్, ఆయన ఎలా ఉన్నాడు?”

“తెర చెబుతుందమ్మా, నేను చెప్పకూడదు.” తెరని మావైపు తిప్పాడు. లబ్ధిదారు పేరు లుత్ఫీ. పురోగతి: సంతృప్తికరం.

“నువ్వు చూశావా వాణ్ని?” అంది మా అత్తగారు.

“సంతృప్తికరం అనే ఉంది కదమ్మా.”

“దాన్ని చదవమనలేదు మఖ్లూఫ్. నా కొడుకుని చూశావా అని అడిగాను.”

బాబాయ్ తెరని మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు.

ములాఖత్ అడిగితే ఇప్పుడు అదంతా ఫోన్లోనే అన్నారు. ఫోన్లో పేరు నమోదు చేశాం. ‘మీ కుటుంబ బంధం పరిశీలనలో ఉంది’ అని వచ్చింది. మా అత్తగారు ఫోన్‌ని నా చేతిలోంచి లాక్కుని దానితోనే మాట్లాడింది. “కన్నది నేనురా! ఇంకేం పరిశీలిస్తావు?” ఫోన్ ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉంది. దాని శ్రద్ధని మెచ్చుకోవాలి!

ఇంత జరిగినా నేను సంస్కరణ మంచిదనే అంటాను. నార్వే మంచిది, హాలండ్ మంచిది, గోడమీద ఇంజన్ కూడా మంచిదే. ఖైదీలు, కాపలావాళ్లు ఒకే బల్ల దగ్గర తినాలని నాకూ ఉంది. అలా తింటే, ఎవరు తినడం మానేశారో పక్కవాడికైనా తెలుస్తుంది.

ఇక శుభవార్త. రాబోయే ఆదివారం కేంద్రం తలుపులు ప్రజలందరికీ తెరుస్తారు. టీచర్లు రావచ్చు, విలేకరులు రావచ్చు, క్లబ్బులవాళ్లు రావచ్చు. వర్క్‌షాపు చూపిస్తారు, పాటలు పాడిస్తారు, కేకు పెడతారు. లబ్ధిదారుల కుటుంబాలకు మాత్రం ప్రవేశం లేదు. ఏడుపులతో కార్యక్రమం పాడవుతుందట. అదీ నిజమే, మేము ఏడుస్తాం.

మీరు ఏడవరు కదా. మీరు తప్పకుండా వెళ్లండి. కేకు తినండి, పావురాన్ని మెచ్చుకోండి. తర్వాత వర్క్‌షాపులో ఇంజన్ ఫొటో ముందు ఆగి, లుత్ఫీ ఎవరని అడగండి. మన్నూబియా కొడుకు, ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ ఉంటుంది. తెర చూపిస్తే చూడకండి. మనిషిని చూపించమనండి.

మీ జేబులో ఒక తాడుముక్క పెట్టుకుని వెళ్లండి. ఆయన చేతికిచ్చి ముడి వేయమనండి. దాన్ని విప్పకుండా రేవు వెనక వీధిలో, గడియ లేని తలుపు మాది, అక్కడికి తెచ్చివ్వండి. కొస మా యుస్రా లాగుతుంది.