గొడుగు పాట, నల్లుల మందు

ప్రఖ్యాత గాయకుడు, గీత రచయిత, టీవీ వ్యాఖ్యాత గానగంభీరుడు గారు గత ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు కన్నుమూశారనీ, ఆ సమయంలో వారు తమ ఇంట్లో భోజనం చేస్తున్నారనీ తెలియజేయడానికి చింతిస్తున్నాం.

గానగంభీరుడు అన్నది బిరుదు. ఎవరిచ్చారో ఆయనకే గుర్తులేదు. ఆ బిరుదు పక్కన నిలబడలేక అసలు పేరు ఎప్పుడో తప్పుకుంది. నలభై అయిదేళ్లలో ఆయన రాసి, బాణీ కట్టి, పాడిన పాటలు మూడు వందలు. వాటిలో ఆయన ప్రాణం పెట్టుకున్నది ఒక్కటే. కొత్త కాపురంలో, ఒకే గది, ఒకే గొడుగు ఉన్న రోజుల్లో భార్య కోసం రాసుకున్నది. "ఒక్క గొడుగులో ఇద్దరం నడిస్తే తడిసిన భుజమే నాది" అని మొదలవుతుంది. అది చాలా గొప్ప పాట అని విమర్శకులందరూ ఒప్పుకున్నారు. వినమంటే మాత్రం తీరిక లేదన్నారు.

అదే ఏడాది ఒక కంపెనీవాళ్లు అడిగితే, పావుగంటలో నల్లుల మందుకి రెండు లైన్లు రాసి పాడి ఇచ్చారు. "నల్లీ నల్లీ ఎటు పోతావ్, మంచం కిందే చచ్చిపోతావ్." జాతి ఉలిక్కిపడి లేచింది. పెళ్లిళ్లలో బ్యాండువాళ్లు వాయించారు. తల్లులు జోలపాటగా పాడారు. ఒక మంత్రిగారు ప్రతిపక్షాన్ని ఉద్దేశించి సభలో చదివి, చప్పట్లు కూడా కొట్టించుకున్నారు.

తరువాత టీవీవాళ్లు పిలిచి పాటల పోటీకి వ్యాఖ్యాతను చేశారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, పొద్దున్నే ప్రేక్షకుల నుంచి చప్పట్లు, ఆశ్చర్యం, కన్నీళ్లు వరసగా రాబట్టి, అవన్నీ కెమెరాలో తీసి దాచుకుంటారు. పాటలు ఆ తరువాత, వీలునుబట్టి. గానగంభీరుడు గారు కుడికంటితో మాత్రమే ఏడవగలరు. కెమెరా అటువైపే ఉంటుంది కనుక ఇది అసామాన్య ప్రతిభగా గుర్తింపు పొందింది.

ఆ ప్రతిభ చూసే ఆయనకు ముందస్తు నివాళుల శాఖ కూడా అప్పగించారు. డెబ్బై దాటిన కళాకారులందరికీ నివాళి ముందే తీసి, క్యాసెట్ మీద పేరు రాసి, బీరువాలో పెట్టడం ఆ ఛానెల్ ఆనవాయితీ. పోయాక తీద్దామని కూర్చుంటే పక్క ఛానెల్ ముందు ఏడ్చేస్తుంది. ఆయన ఇప్పటికి పద్దెనిమిది మంది కోసం ఏడ్చారు. వారిలో పదిహేడుగురు రోజూ పొద్దున్నే పార్కులో ఎదురై కులాసాగా పలకరిస్తుంటారు. ఆయన చెప్పుల వంక చూస్తూ బదులు చెబుతారు.

కిందటి నెల ఆయనకి డెబ్బై నిండాయి. బీరువా తెరిస్తే తన పేరుతో ఒక ఖాళీ అర, అందులో ఒక కాగితం కనబడ్డాయి. "పాట: నల్లి. ఏడ్చువారు: ఖరారు కావలెను." ఆయన ఆ కాగితం తీసుకున్నారు. తిన్నగా కార్యక్రమాల అధికారి గదిలోకి వెళ్లారు.

"నేను పోయాక కూడా నల్లేనా బాబూ?"

"ఎవరు పోయారో తెలియాలి కద సార్. తెలీకపోతే జనం ఎలా ఏడుస్తారు?"

"గొడుగు పాట వెయ్యండి. మొత్తం వెయ్యండి. ఈ ఛానెల్‌ని నేనింకేమీ అడగను."

అధికారి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే సార్. అయితే మీరే ఏడవాలి. మీ స్థాయిలో ఏడ్చేవాళ్లు మాకింకెవరున్నారు?"

అలా గానగంభీరుడు గారు తెల్లబట్టలు కట్టుకుని తనకు తానే నివాళి అర్పించారు. "ఆయన నాకు బాగా దగ్గరి మనిషి. చివరి క్షణం దాకా పక్కనే ఉన్నాను. ఆయన లేని లోటు నేను కూడా తీర్చలేను," అన్నారు. ఆ తరువాత గొడుగు పాట అందుకుని ఆరు నిమిషాలు పాడారు. మూడో చరణం దగ్గర రెండు కళ్లూ తడిశాయి. ఎడమకన్ను కెమెరాకి అందలేదు. ఇన్నేళ్లూ గుండెల మీద ఉన్న బరువు దిగిపోయి, ఆయనకి నిజంగా చాలా హాయిగా అనిపించింది.

ఇంటికొచ్చి భార్యతో, "మన పాట మొత్తం పాడాను," అన్నారు.

"మూడో చరణంలో శ్రుతి పోలేదు కదా?" అందావిడ.

ఆదివారం మధ్యాహ్నం పాత పాటల పోటీ ఒకటి మళ్లీ వెయ్యాలి. "గానగంభీరుడు గారి క్యాసెట్ పంపు," అని పైనుంచి కబురొచ్చింది. బీరువా గుమాస్తా పేరు చూసి పంపాడు. పేరు తప్పు కాదు కనుక అతని మీద చర్య తీసుకోవడానికి వీల్లేదు.

ఆ విధంగా గానగంభీరుడు గారు తన మరణవార్తని తన నోటి ద్వారానే విన్నారు. కంచం పక్కకు జరిపి, టీవీ సౌండ్ పెంచారు. పోతే పోయాను, పాట వస్తుంది కదా అనుకున్నారు. తెరమీద ఆయన గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచారు. విరామం వచ్చింది. నివాళి సమర్పించినది నల్లుల మందు కంపెనీ. విరామం తరువాత సమయాభావం వల్ల నివాళి ముగిసింది.

ఆయన ఫోన్ చేస్తే అధికారి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "లక్షల మంది ఏడ్చాక ఇప్పుడు బతికే ఉన్నారంటే ప్రేక్షకుల మనోభావాలు దెబ్బతింటాయి సార్. ఓ పదిరోజులు బయట కనబడకుండా సహకరించండి."

సాయంత్రానికి ఇంటినిండా జనం. తలుపు తీసింది ఆయనే అయినా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పక్కింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరు ఆయన్ని కావిలించుకుని, "గుండె దిటవు చేసుకోండి. మహానుభావుడు," అన్నాడు.

"పాట విన్నారా మాస్టారూ?" అనడిగారు ఆయన, ఆశ చావక.

"ఎంతమాట. చిన్నప్పట్నుంచీ నోటికొచ్చు," అని హెడ్‌మాస్టరు లేచి నిలబడి, విషాదంగా రాగం తీసి నల్లుల పాట ఎత్తుకున్నాడు. అందరూ గౌరవసూచకంగా లేచి గొంతు కలిపారు. పాట అయ్యాక అలవాటుకొద్దీ ఆయన కూడా చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్లాక భార్య వంటింట్లో గ్లాసులు కడుగుతూ గొడుగు పాట మూడో చరణం కూనిరాగం తీసింది. ఆయన గుమ్మం బయట నిలబడి, అడుగు చప్పుడు చెయ్యకుండా మొత్తం విన్నారు.

ఇంత కళాకారుణ్ణి ఇలా మర్చిపోయిన జనం మీద మీకు ఒళ్లు మండుతూ ఉంటుంది. న్యాయమే. అయితే చిన్న మాట. ఆయన గొడుగు పాట మొదటి లైను పైన పూర్తిగా ఇచ్చాం. కాగితం వెనక్కి తిప్పకుండా ఒక్కసారి అనండి. రెండో పాట అక్కర్లేదు. అది మీకు వచ్చేసిందని మాకు తెలుసు.