పదకొండింటి బస్సు

ఆ రోజు పొద్దున సమన్వయాధికారి పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. ఆఫీసు నుంచి మధ్యలో ఓ అరగంట బయటపడి, ఇంటికొచ్చి, మూత సరిగ్గా పడని పాత ప్రెషర్ కుక్కర్‌ను బస్టాండులో బావమరిది చేతిలో పెట్టి రావాలి. బావమరిదికి పక్క ఊళ్ళో ఇంటి సామాన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఏదో పని మీద ఊళ్ళోకి వచ్చి, పదకొండింటి బస్సుకు తిరిగి వెళ్ళిపోతాడు.

ఆయన ఇంట్లో గుసగుసలు చెల్లవు. రెండేళ్ళ కిందట మార్కెట్లో బాంబు పేలినప్పుడు ఆయన భార్య అక్కడే ఉంది. ప్రాణం దక్కింది కానీ కుడిచెవి మొత్తానికి పోయింది, ఎడమచెవి సగం పోయింది. ఆ బాంబు సంగతి రెండు ప్రభుత్వ శాఖలకు ముందే చెరిసగం తెలుసని తరువాత విచారణలో తేలింది. ఒకరికి పెట్టేవాడెవడో తెలుసు, మరొకరికి పెట్టే చోటు తెలుసు. వాళ్ళిద్దరికీ మాత్రం మాటల్లేవు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఏ శాఖ చెవిన ఏది పడ్డా అన్ని శాఖలకూ చేరాలని ప్రభుత్వం ఓ సమాచార సమన్వయ కేంద్రాన్ని తెరిచింది. ఆ కుర్చీని ఈయన కోరి మరీ వేయించుకున్నాడు. అప్పటి నుంచి ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు.

"ఈ కుక్కర్ ఏదో ఒకరోజు పేలుతుందండీ," అంది భార్య, దాన్ని గుడ్డసంచిలో పెడుతూ.

"ఇవాళ మీ తమ్ముడికి ఇచ్చేస్తాలే."

"ఆఁ?"

"ఇవాళ ఇచ్చేస్తాను!"

"వాడి చేతిలో పేలదు కదా?"

"పేలితే పదకొండింటి బస్సులో పేలుతుంది! మనకేం!" అని వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆయన ఒక్క అరుపు అరిచాడు.

ఆ కిటికీ వీధివైపుకు ఉంది. ఎదురు మేడ మీద, ఆ వారమే అద్దెకు దిగిన రిటైర్డ్ హెడ్మాస్టరు మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. ముందు మాటలు కుళాయి హోరులో కలిసిపోయాయి. చివరి మాట మాత్రం స్పష్టంగా చెవిన పడింది. ఆయన చేతిలోని గొట్టం జారిపోయి, నీళ్ళు కింద నడుస్తున్న వాళ్ళ నెత్తిన పడ్డాయి. అయినా ఆయన చూడలేదు. లోపలికి పరిగెత్తి, తలుపు గడియపెట్టి, పోలీసులకు ఫోన్ చేశాడు. వీధి పేరు చెబితే సాక్ష్యానికి పిలుస్తారని భయపడి, "పదకొండింటి బస్సులో పేలుడు జరగబోతోంది, నా చెవులతో విన్నాను" అని చెప్పి పెట్టేశాడు.

పోలీసులు ఆ మాటను రవాణా భద్రత శాఖకు చేరవేశారు. అక్కడ విన్నవాడు పదకొండింటిని పదకొండు చేసి, "పదకొండు బస్సుల్లో పేలుళ్ళు" అన్నాడు. బస్సుకో మనిషైనా ఉండాలి కదా అని అక్కడి పై అధికారి పదకొండుగురు దుండగులను చేర్చాడు. అది సమన్వయ కేంద్రానికి వచ్చింది. కేంద్రం తన ధర్మం ప్రకారం దాన్ని అన్ని శాఖలకూ పంపింది. కాసేపటికి సరిహద్దు శాఖ నుంచి, "పదకొండుగురి సంగతి మా దగ్గరా ఉంది. వాళ్ళు సరిహద్దు దాటి వచ్చి ఉంటారు" అని కబురు తిరిగొచ్చింది.

"మూడు శాఖలు సార్," అంది టెలిఫోన్ దగ్గర కూర్చునే అమ్మాయి. "పోలీసులు, రవాణా వాళ్ళు, సరిహద్దు వాళ్ళు. ముగ్గురూ బస్సులే అంటున్నారు."

సమన్వయాధికారి ముఖం పాలిపోయింది. పాలిపోయిన ఆ ముఖంలోనే ఏదో తృప్తి కూడా ఉంది. "చూశావా అమ్మాయ్? ఆనాడు ఇలా ఒక్కరు నోరు విప్పి ఉంటే..."

"కానీ సార్, సరిహద్దు వాళ్ళకి మనమే కదా చెప్పాం? మనం పంపిందే మళ్ళీ మనకొచ్చిందేమో."

"వాళ్ళకి వాళ్ళ మనుషులుంటారమ్మా. అన్నీ మనకి చెప్తారా?"

ఆ అమ్మాయి ఇంకేదో అనబోయేంతలో ఫోన్ మోగింది. విని, రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వంతెన ఇంజనీరు సార్. మూడో స్తంభానికి ఎవరో డ్రమ్ము కట్టారట. నిన్న లేదట."

గదిలో ఉన్నవాళ్ళంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నదిమీది వంతెనను కనిపెట్టుకుని ఉండే ఆ ముసలి ఇంజనీరును అందరూ నస ఇంజనీరు అంటారు. తుప్పు పట్టిందని ఫోన్ చేస్తాడు, పావురాలు గూడు కట్టాయని ఫోన్ చేస్తాడు, లారీవాడు హారన్ కొట్టాడని కూడా ఫోన్ చేస్తాడు. నాన్నా పులి అని రోజూ అరిచేవాడికి నిజం పులి వచ్చినప్పుడు ఏమయిందో అందరికీ తెలుసు. కానీ ఆ గదిలో అప్పుడు పులి ఎటు నుంచి వస్తుందో కూడా అందరికీ తెలుసు.

"ఒక్కడి మాట మీద కదలకూడదు. రెండో వైపు నుంచి కూడా రావాలి, అది మన నియమం. ఆయనకి అదే చెప్పు," అన్నాడు సమన్వయాధికారి.

కాసేపటికి ఆ అమ్మాయే మళ్ళీ వచ్చింది. "ఇంకో ఫోన్ సార్. బాటసారినంటున్నాడు. డ్రమ్ము సంగతే. కానీ అదే నంబరు, అదే దగ్గు."

"నాటకాలు కూడా మొదలెట్టాడా?" అన్నాడాయన విసుగ్గా. "అవతల బస్సులు పేలబోతుంటే ఈయన గోలొకటి."

ఊరి బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆపేయమని కేంద్రం డైరెక్టరు ఉత్తర్వు ఇచ్చాడు. బస్టాండును పోలీసులు చుట్టుముట్టారు. అప్పుడు సమన్వయాధికారికి కుక్కర్ గుర్తుకొచ్చింది. తాను రాలేనని ఇందాకే భార్యకు సెల్‌ఫోన్లో సందేశం పెట్టాడు. ఆమె జవాబు వచ్చి చాలాసేపయింది, ఈయనే చూసుకోలేదు. "పర్లేదండీ. సంచి నేనే తీసుకెళ్తున్నా."

ఆయన ఆమెకు ఫోన్ చేశాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఆమెకు వినిపిస్తే కదా! మార్కెట్లో బాంబు పేలిన రోజున ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పటి వాసన ముక్కుకు తగిలినట్టయింది. డ్రైవరు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి పరిగెత్తాడు.

బస్టాండు నడిమధ్యన ఖాళీ స్థలం. జనమంతా తాడు అవతల ఉన్నారు. ఒక పక్క అనుమానం తగిలినవాళ్ళందరినీ నేలమీద బోర్లా పడుకోబెట్టారు. ఆ ఖాళీలో ఒకే ఒక్క ఆడమనిషి, చేతిలో బరువైన గుడ్డసంచితో, తీరుబడిగా నడుచుకుంటూ వెళ్తోంది.

"సంచి కింద పెట్టండి! అడుగు కదిపితే కాలుస్తాం!" అని మైకు అరుస్తోంది. ఆమె నడుస్తూనే ఉంది. తమ్ముడు ఎక్కడా అని నాలుగు వైపులా చూసుకుంటూ, కాస్త చెయ్యి నొప్పెట్టి సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఆ కదలికకు తుపాకులన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

"కాల్చకండి! మా ఆవిడ! కాల్చకండి!"

తాడు కింది నుంచి దూరి సమన్వయాధికారి పరిగెత్తాడు. ఒక కానిస్టేబుల్ లాఠీ వీపు మీద పడింది. ఆయన తూలాడు, పడ్డాడు, లేచాడు, మళ్ళీ అరిచాడు. ఆ అరుపు ఆమె ఎడమచెవికి అందింది. ఆగి, వెనక్కి తిరిగి, బట్టలు దుమ్ము కొట్టుకుపోయిన మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఇంత జనంలో అరుస్తారేంటండీ? ఇంట్లో అరిచింది చాలదా?"

ఆయన ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. బాంబుల దళం మనిషి సంచిని దూరంగా పెట్టించి, పెద్ద పొడుగు కర్రతో మూతి విప్పాడు. కుక్కర్ మూత ఊడి, గిరగిరా తిరుగుతూ సిమెంటు నేల మీద చాలాసేపు మోగింది. బోర్లా పడుకున్న వరసలోంచి ఒక తల పైకి లేచింది.

"బావగారూ! విజిల్ కూడా తెచ్చారా?"

అప్పటికే పోలీసులు మొదటి ఫోన్ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుని, హెడ్మాస్టరును జీపులో తెచ్చి తాడు పక్కన నిలబెట్టారు. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఈ గొంతే! ఇప్పుడు కాల్చకండి అని అరిచాడే, ఈ గొంతే సార్! పదకొండింటి బస్సులో పేలుతుందన్నది ఈయనే!"

అందరూ సమన్వయాధికారి వైపు చూశారు. ఆయన కుక్కర్ వైపు చూశాడు. పొద్దుటి తన అరుపు, వీధి దాటి, మూడు శాఖలు తిరిగి, పదకొండుగురిని వెంటేసుకుని, తన బల్ల మీదికే వచ్చిందని మెల్లగా అర్థమయింది. వెనకే జీపులో వచ్చిన డైరెక్టరు నోరు తెరిచాడు కానీ తిట్టు ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేక అలాగే ఉండిపోయాడు.

ఆ నిశ్శబ్దంలో, నదివైపు నుంచి, నేల అదిరేంత చప్పుడు వచ్చింది.

ఆ చప్పుడు మాత్రం ఆమెకు వినిపించింది. చెవితో కాదు, అరికాళ్ళతో. మొగుడి చొక్కా పట్టుకుంది. ఆమె వేళ్ళు చాలాసేపు విడలేదు.

వంతెన నడుమ భాగం నదిలో కూలిపోయింది. ఊరు దాటే ప్రతి బస్సూ ఆ వంతెన మీదుగానే పోవాలి. ఆ వేళకు మామూలుగా అయితే దాని మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఉంటాయి. ఆ రోజు అన్నీ బస్టాండులోనే ఉన్నాయి. మిగిలిన బండ్లవాళ్ళను నస ఇంజనీరు తన స్కూటరు అడ్డం పడేసి, చేతులు చాపి, తిట్లు తింటూ వెనక్కి పంపాడు. రాళ్ళు వచ్చి పడి ఆయన కాలు రెండు చోట్ల విరిగింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రానికి కథ తిరగబడింది. సమన్వయ కేంద్రం ప్రమాదాన్ని ముందే పసిగట్టి, బస్సులు ఆపి, వందల ప్రాణాలు కాపాడిందని మంత్రి ప్రకటించాడు. డైరెక్టరు సమన్వయాధికారిని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నువ్వు అరవకపోతే బస్సులు ఆగేవి కావు. ఆగకపోతే ఏమయ్యేదో నీకు నేను చెప్పాలా?"

"కానీ సార్, ఇంజనీరు రెండుసార్లు చెప్పాడు. నేనే వద్దన్నాను."

"కుక్కర్ మాట ఎత్తకు, ఇంజనీరు మాటా ఎత్తకు. పతకం ఇస్తారు, మెడ వంచి వేయించుకో."

ఆయనకు ముద్ద దిగలేదు. భార్యతో చెప్పుకుని ఏడుద్దామంటే అరిచి ఏడవాలి. ఎదురు మేడ మీద హెడ్మాస్టరు మొక్కల దగ్గరే ఉంటున్నాడు. చివరికి ఓ మధ్యాహ్నం భార్యను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. ఇంజనీరు కాలికి కట్టుతో, పైకప్పులో ఓ పగులును శ్రద్ధగా చూస్తూ పడుకుని ఉన్నాడు.

"రండి సార్, రండి. ఆ పగులు చూశారా? ఎవరికి చెప్పినా పట్టదు."

"నన్ను క్షమించండి," అన్నాడు సమన్వయాధికారి. ఆ మాట గొంతులోనే ఉండిపోతే భార్య మోచేత్తో పొడిచింది. మళ్ళీ, గట్టిగా అన్నాడు. వార్డంతా తిరిగి చూసింది.

ఇంజనీరు ఇబ్బందిగా దుప్పటి సర్దుకున్నాడు. "మీ తప్పేముంది సార్? రెండో మనిషి కూడా చెప్పాలన్నారు. వంతెన మీద నా పక్కన ఎవరూ లేరు. అందుకని నేనే గొంతు మార్చి చేశాను. చిన్నప్పుడు బళ్ళో నాటకాలు వేసేవాణ్ణి." కాస్త ఆగి, సిగ్గుపడుతూ అడిగాడు. "అంత బాలేదా సార్?"

సమన్వయాధికారి మంచం పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. మాట వినపడకపోయినా ఆయన భార్యకు సంగతి అర్థమయింది. ఇంజనీరు చేతిమీద చెయ్యి వేసి, వార్డు దద్దరిల్లేలా, "బాగా చేశారు బాబాయిగారూ!" అంది.

విచారణ సంఘం నెల తిరగకుండానే నివేదిక ఇచ్చింది. సమన్వయాధికారికి పతకం వచ్చింది, కేంద్రంలోకి ఇంకా నాలుగు శాఖలు వచ్చాయి. ఇంజనీరుకు మాత్రం, విధినిర్వహణలో ఉండి బాటసారిగా నటించి ప్రభుత్వాన్ని తప్పుదోవ పట్టించినందుకు సంజాయిషీ కోరుతూ నోటీసు వచ్చింది.