నాగేంద్రమ్మ గుంటలో నీళ్లు

"వచ్చే సోమవారం నుంచి ఈ ఆఫీసుల ఏ ఫైలు మీద గూడ మనిషి చెయ్యి పడదు" అని మహిపాల్ గారు గద్వాలలో ప్రకటించారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ ఆఫీసులో ఫైళ్ల మీద మనిషి చెయ్యి పడి చాలా కాలమైందని అక్కడున్న అందరికీ తెలుసు. అయితే ఇన్నాళ్లూ దాన్ని బద్ధకం అనేవాళ్లం. ఇప్పుడది విధానం.

మహిపాల్ గారు దరఖాస్తుల సత్వర పరిష్కార మండలికి చైర్మన్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జనం పెట్టుకునే అర్జీలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. పార్టీ కోసం పద్దెనిమిదేళ్లు ఫ్లెక్సీలు కట్టించి, ప్రతి ఫ్లెక్సీలో కింది మూలన చిన్న ఫొటోగా మిగిలిపోయిన త్యాగమూర్తి ఆయన. చైర్మన్ అయ్యాక ఆ ఫొటో మధ్యలోకి వచ్చింది. ఆఫీసుకు ఎదురుగా జిరాక్స్ షాపు ముందు టేబులు వేసుకుని నేను ఇరవై రెండేళ్లుగా దరఖాస్తులు రాస్తున్నాను. అందువల్ల ఆయన ప్రతిభను దగ్గరి నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

మనిషి చెయ్యి తీసేశాక ఏ చెయ్యి పెట్టాలన్నదే మిగిలిన ప్రశ్న. హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చారు. హరీష్ అనే అతను బాట్ తెచ్చాడు. అది చెప్పింది చెప్పినట్టు చేసే సాఫ్ట్‌వేర్. తేజస్విని అనే ఆమె ఏఐ తెచ్చింది. అది చెప్పనిది కూడా అర్థం చేసుకుంటుందట. రెండింటికీ ఒకే దరఖాస్తు ఇచ్చి పోటీ పెడదామన్నారు చైర్మన్. అటెండర్ శ్రీశైలం బీరువాలో అట్టడుగున ఉన్న కాగితం లాగి తెచ్చాడు. అది నాగేంద్రమ్మది. రాసింది నేనే.

నాగేంద్రమ్మ ముప్పై ఏళ్లుగా గద్వాల చీరలు నేస్తోంది. మగ్గం ఇంట్లోనే ఉంది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసే మగ్గం కాబట్టి దాన్ని గుంట మగ్గం అంటారు. ఈ ఏడాది వానలకు ఆ గుంటలోకి నీళ్లు ఊరాయి. ఎంత తోడినా తెల్లారేసరికి మళ్లీ నిండేది. చీర సగంలో ఆగిపోయింది. ఇలాంటివాళ్లకు నేల మీద నిలబెట్టే స్టాండు మగ్గం ఇస్తారు. కాకపోతే ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చి ఆ గుంట చూసి, నిజమేనని రాయాలి. దసరాలోపు చీర నేసి దింపకపోతే మగ్గం మీది తన పడుగు పోగులు కోసుకుపోతానని, ఇక నూలు ఇవ్వనని సేటు ఖరాఖండిగా చెప్పాడు. పోటీ నాటికి దసరాకు ఇంకా ఇరవై రోజులుంది.

ఆమె నోటితో చెప్పింది చెప్పినట్టే నేను రాశాను. "అయ్యా, నాది గుంట మగ్గం. గుంటల నీళ్లొచ్చినయ్. జర వచ్చి సూడుండ్రి."

పోటీ రోజున నేనూ ఆమెతో పాటు ఆఫీసు హాల్లోకి వెళ్లాను. విలేకరులను కూడా పిలిచారు. ముందు బాట్‌కు ఇచ్చారు. రెండు క్షణాల్లో దరఖాస్తు తిరస్కరించింది. ఏడో గడి ఖాళీగా ఉందట.

"ఏడో గడిల ఏముండాలె సారూ?" అని అడిగింది నాగేంద్రమ్మ.

"నడుస్తున్న మగ్గం ఫొటో ఉండాలమ్మా" అన్నాడు హరీష్.

"మగ్గం నడుస్తలేదనే గదా దరఖాస్తు పెట్టింది."

"కరెక్టే. రూలు మీ ఆఫీసుదే. మా బాట్ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది."

అందరూ భోజనానికి లేచారు. తిరిగొచ్చేసరికి ప్రింటర్ కింద కాగితాల గుట్ట ఉంది. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి బాట్ అదే తిరస్కరణ లేఖను నలభై ఆరు సార్లు కొట్టింది. హరీష్ ముఖం పాలిపోయింది. చైర్మన్ గారు మాత్రం ముచ్చటపడ్డారు.

"మా స్టాఫు ఒక్క లెటర్‌కు మూడు నెలలు పెడ్తరు. గిది మనం బువ్వ తినేలోపల నలభై ఆరు కొట్టింది. కష్టపడే గుణం ఉన్నది దీనికి" అన్నారు.

తర్వాత ఏఐ వంతు వచ్చింది. అది కొంచెంసేపు ఆలోచించింది. ఆ ఆఫీసులో ఆలోచన జరగడం నేను చూడటం అదే మొదటిసారి. తెర మీద అక్షరాలు పడ్డాయి. మగ్గం అన్నది అక్షరదోషమని గుర్తించి మాగాణి అని సరిచేసుకుందట. నాగేంద్రమ్మ అనే మహిళా రైతుకు ఒక గుంట మాగాణి, అంటే ఎకరంలో నలభయ్యో వంతు, ఉంది. ఎన్నాళ్లకో దానికి నీళ్లొచ్చాయి. వచ్చి చూసుకొమ్మని ఆనందంతో పిలుస్తోంది. కాబట్టి ఇది ఫిర్యాదు కాదు, కృతజ్ఞత. దానితోపాటు ఒక పత్రికా ప్రకటన, ఫ్లెక్సీ నమూనా, చైర్మన్ గారి ప్రసంగం కూడా తయారు చేసి పెట్టింది. ఫ్లెక్సీలో ఫొటో మధ్యలోనే ఉంది.

మహిపాల్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. "పద్దెనిమిదేండ్లల్ల నన్ను గింతగనం అర్థం చేసుకున్నోళ్లు లేరు" అన్నారు.

"గట్ల గాదు సారూ" అంది నాగేంద్రమ్మ. "గుంటంటే భూమి గాదు. మగ్గం కింద కాళ్లు పెట్టే గుంట."

"అమ్మా, ఈ విషయంలో ఏఐకి తొంభై ఎనిమిది శాతం నమ్మకం ఉంది" అంది తేజస్విని మర్యాదగా.

"నాకు ఇంట్ల గుంటల దిగితె నడుము దాక నీళ్లున్నయ్ బిడ్డా."

"నడుము దాక" అని చైర్మన్ గారు తిప్పి చెప్పారు. విలేకరులు రాసుకున్నారు. నేను కూడా లేచి, రాసింది నేనేనని, అది మగ్గమేనని చెప్పాను. మనిషి చేతిరాత వల్లనే ఇలాంటి దోషాలు వస్తాయని ఆయన నా వైపు చూసి సభకు వివరించారు. నాకు ఒళ్లు మండింది. నాగేంద్రమ్మ ముఖం చూసి కూర్చున్నాను.

చివరికి ఆయన ఇద్దరినీ నొప్పించకుండా తీర్పు చెప్పారు. "ఏఐ అర్థం చేసుకుంటది. బాట్ పని చేస్తది. రెండింటిని కలుపుదం."

"మరి మేం సార్?" అని అడిగాడు శ్రీశైలం.

"మీరు ఫొటోల ఉండుండ్రి."

ఆ సాయంత్రమే నాగేంద్రమ్మకు మహిళా రైతుగా సన్మానం జరిగింది. గద్వాల చీర పెట్టారు. ఆమె దాని అంచు తిరగేసి చూసింది. మా ఊరి చీరలో అంచును చీర మధ్య బట్టకు చేత్తో ఒక్కొక్క పోగు పెనవేసి కలుపుతారు. దీనికి అలాంటిదేమీ లేదు.

"ఇది మిషన్ చీర సారూ" అంది మెల్లగా.

"అవునమ్మా, ఇగ అంతా మిషనే" అన్నారు చైర్మన్ గారు గర్వంగా.

దసరా ఇంకా వారం ఉందనగా ఆమె మళ్లీ నా టేబులు దగ్గరికి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"అన్నా, ఆ మిషన్ గుంటంటే భూమి అనే అంటది. నువ్వు దానికి అర్థమయ్యేటట్టే రాయి. నేను రైతునే అని రాయి. గుంటల నీళ్లు ఎక్కువైనయ్, నిలబడినయ్, ఎటూ పోతలేవు అని రాయి. నీళ్లు తీసేటందుకన్న ఎవరైన వస్తరు. వస్తే మగ్గం కనబడ్తది."

ఆమె తెలివికి నాకు ముచ్చటేసింది. నా ఇరవై రెండేళ్ల అనుభవమంతా పెట్టి చక్కగా రాశాను. ఏడో గడిలో నీళ్ల ఫొటో కూడా పెట్టాం. నిమిషంలో జవాబొచ్చింది. మంజూరు అయిందట. మర్నాడే మనుషులొస్తారట. నాగేంద్రమ్మ నాకు చాయ్ తాగించింది.

అన్న మాట ప్రకారం మర్నాడు పొద్దున్నే మనుషులొచ్చారు. ముందు ఒక ఆటో, వెనక చైర్మన్ గారి కారు, దాని వెనక విలేకరులు. ఆటోలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచులున్నాయి. సంచుల్లో చేపపిల్లలు. నీళ్లు నిలిచే గుంట అంటే చెరువేనని ఏఐ అర్థం చేసుకుంది. చెరువుకు చేపపిల్లలు పంపాలన్న రూలు బాట్‌కు తెలుసు.

"సారూ, ఇది మగ్గం" అంది నాగేంద్రమ్మ. ఈసారి మగ్గాన్ని చేత్తో తట్టి మరీ చూపించింది.

చైర్మన్ గారు వంగి శ్రద్ధగా చూశారు. "కట్టెలు అడ్డమొస్తున్నయ్. ఫొటోకు జర పక్కకు జరుపుండ్రి" అన్నారు. జరిపారు. సగం నేసిన చీర నేల మీద పడింది. ఆయన సంచి విప్పి చేపపిల్లల్ని గుంటలోకి వదిలారు. ఆమెను సన్మానంలో ఇచ్చిన చీర కట్టుకుని పక్కన నిలబడమన్నారు. చేనేత చీరలో మత్స్య సోదరి అని మర్నాడు పేపర్లో పడింది. అదే రోజు సేటు మనిషి వచ్చి, నేల మీద మట్టి కొట్టుకున్న చీరను చూసి, పడుగు కోసుకుపోయాడు.

దసరా వెళ్లిన మూడో రోజు నాగేంద్రమ్మ చంకలో కాగితాల కట్ట పెట్టుకుని వచ్చింది. ఏడవడం లేదు. ఏడుపు అయిపోయినట్టుంది.

"మగ్గం మాట ఇడిసిపెట్టిన అన్నా. మట్టి పోసి గుంట పూడ్సుకుందమనుకున్న. అంతల గివి వచ్చినయ్. ఒక్కటే అనుకున్న. లెక్కపెడ్తే నలభై ఆరున్నయ్. ఏమున్నదో జర సదివి చెప్పు."

పై కాగితం తీసి చదివాను. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో అక్రమంగా ఇల్లు కట్టుకున్నందుకు ఏడు రోజుల్లో ఖాళీ చేయాలని ఉంది.

ఆమె నా చేతిలోంచి దాన్ని తీసుకుని పక్కన పెట్టి, రెండోది అందించింది. "గిండ్ల ఏమున్నదో సూడు" అంది.

అందులోనూ అదే ఉంది.