మాట లేని బొమ్మ

ఆదివారం పొద్దున బజారులో బట్టలకొట్టు తెరిచే పని లేదు. రాజగోపాలయ్య వందేళ్ల నాటి హాలీవుడ్ మూకీ సినిమా ఒకటి టీవీలో పెట్టుకుని, ఒళ్లో నోటుపుస్తకంతో కూర్చున్నాడు. ఆ కాలపు సినిమాలు ఇప్పటికీ నవ్విస్తాయా లేదా అన్న విషయం మీద సాయంత్రం బళ్ళారి సినిమా మిత్రుల సభలో ఆయన మాట్లాడాలి. కాలేజీ రోజుల్లో ఇదే సినిమా చూసి నవ్వు ఆపుకోలేక బెంచీ మీంచి పడ్డాడు. ఇప్పుడు అరగంటైనా పెదవి విచ్చుకోలేదు. 'దీనికి వయసైపోయింది' అని రాసి, ఆ వాక్యాన్నే దిగులుగా చూశాడు. వయసైపోయింది సినిమాకేనా అని అనుమానం.

వంటింట్లో భార్య సరోజినీదేవి మిక్సీలో చట్నీ తిప్పుతోంది. కురుగోడు నుంచి ఆమె తమ్ముడు వెంకటప్పయ్య ఫోను చేశాడు.

"అక్కా, బావ ఏం చేస్తాండాడు?"

"ఏదో మూకీ బొమ్మ పెట్టుకోనుండారు" అన్న మాటను మిక్సీ మింగేసింది. ఆ తర్వాతదే అతనికి చేరింది. "మాటే లేదప్పా! మూతి వంకర తిప్పేది, చేతులు ఆడించేది... నాకేం అర్థం కాల్యా!"

అంతలో లైను తెగిపోయింది. వెంకటప్పయ్య మళ్లీ చేస్తే మిక్సీ హోరులో ఆమెకు వినబడలేదు. "బావకు మాట పడిపోయిందంట!" అంటూ వీధిలోకి పరుగెత్తాడు. కబురు మూడో ఇంటికి చేరేసరికి రాజగోపాలయ్యకు కుడిచెయ్యి పోయింది. బస్టాండు చేరేసరికి కాలు కూడా పోయింది. ఆయన అత్తగారు పంపమ్మతో సహా పదమూడు మంది టెంపో ఎక్కారు.

అప్పటికి రాజగోపాలయ్య సినిమాను మళ్లీ మొదటినుంచి చూస్తున్నాడు. హీరో ఒంటికాలి మీద జారిపడే తమాషాలో లోపమెక్కడుందో తేల్చుకుందామని తానే చేసి చూశాడు. నేల నున్నగా ఉంది. తలుపు తోసుకుని వచ్చినవాళ్లకు ఆయన వెల్లకిలా, ఒక కాలు సోఫా మీద వేసుకుని కనిపించాడు.

"అయ్యో నాయనా!" పంపమ్మ గొల్లుమంది.

"నాకేం కా..."

"మాట్లాడొద్దు బావా! నరం తెగుతాది!" అని వెంకటప్పయ్య ఆయన నోరు మూసేశాడు. తలా ఒక చెయ్యీ కాలూ పట్టి గుమ్మం దాకా మోసుకుపోయారు.

అక్కడ పంపమ్మ ఏడుపు ఆగింది. టీవీలో లావుపాటి పోలీసు పిండి పీపాలో తలకిందులుగా ఇరుక్కుని కాళ్లు తన్నుకుంటున్నాడు. "ఆయప్పను ఎవరన్నా లాగండప్పా!" అని అరిచింది. హీరో లాగాడు. బూట్లు మాత్రం ఊడివచ్చాయి. ముసలామె కిసుక్కుమంది. మోసేవాళ్లు వెనక్కి తిరిగి చూసి, నవ్వుతూ పట్టు వదిలేశారు. దబ్బున పడ్డ రాజగోపాలయ్యను చూసి ఇంకా నవ్వారు. వాళ్లను చూసి ఆయనకూ నవ్వు పొంగింది. ఎంత తుడుచుకున్నా కళ్లనీళ్లు ఆగడం లేదు.

"అయితే నీకేం కాల్యా?" అన్నాడు వెంకటప్పయ్య.

"లేదప్పా. మూకీ బొమ్మ చూస్తాండా. ఎవరు చెప్పిరి నీకు?"

"అక్కే!" కాసేపు బావనూ టీవీనీ మార్చి మార్చి చూశాడు. "సరే, మొదట్నుంచి పెట్టు."

చాపలు పరిచారు. పంపమ్మ పోలీసు ఘట్టాన్ని మూడుసార్లు వేయించుకుంది. రాజగోపాలయ్య తను రాసింది కొట్టేసి, 'బాగా నవ్విస్తుంది. ఒంటరిగా చూడరాదు' అని రాసుకున్నాడు.

భోజనాలై టెంపో కదిలాక భార్యను ఉత్సాహంగా అడిగాడు. "నీకెట్లుండె సినిమా?"

"నేనెప్పుడు చూస్తినండీ? పదమూడు మందికి వంట చేస్తాంటిని" అంది సరోజినీదేవి.