ముందు మీరండి, బావగారూ

ఆ ఆదివారం సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు పెట్టుకున్న పని చిన్నదే. పొద్దున్నే కొత్తపేటలో బయలుదేరి రాజోలు వెళ్ళాలి, కాబోయే వియ్యంకుడు వీర్రాజు గారింట్లో భోంచెయ్యాలి, కొడుకు పెళ్ళికి ముహూర్తం ఖాయం చేసుకుని పొద్దుగుంకేలోగా ఇంటికి చేరాలి. ఇదే పని మీద ఆయన అంతకుముందు కూడా చాలాసార్లు రాజోలు వెళ్ళారు. వెళ్ళిన ప్రతిసారీ కడుపు నిండా తిన్నారు గాని ముహూర్తం మాత్రం తేలలేదు.

తప్పు మనుషులది కాదు, మర్యాదది. "ఎప్పుడు పెట్టుకుందామండి బావగారూ" అని ఈయన అంటే "మీ ఇష్టమండి" అని ఆయన. "అబ్బే, ఆడపిల్లవారు, మీ ఇష్టమేనండి" అని మళ్ళీ ఈయన. అలా ఒకరి ఇష్టం మీద ఒకరు నెట్టుకుంటూ శ్రావణాన్నీ కార్తీకాన్నీ దాటించేశారు. ఇక మిగిలింది మాఘం. పెళ్ళికొడుకు నాగసతీష్, పెళ్ళికూతురు మమత అమలాపురంలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు, నానా తంటాలూ పడి ఇరువైపులా ఒప్పించారు. తీరా ఇప్పుడు, ఎవరికీ ఏ అభ్యంతరమూ లేని చోట వచ్చి ఇరుక్కుపోయారు.

"నోరు జారకండి" అంది ఆయన భార్య కామేశ్వరి కారెక్కుతూనే. "అంబాజీపేట సంబంధం ఎలా పోయిందో గుర్తుందిగా?"

రావుగారికి గుర్తుంది. అక్కడ జున్ను పెడితే ఆయన ఉన్నమాట అన్నారు. బాగానే ఉందండి గాని మిరియం ఘాటు కాస్త ఎక్కువైందన్నారు. ఆ తరవాత ఆ ఇంటివాళ్ళు ఫోను ఎత్తితే ఒట్టు.

"వాళ్ళేమన్నా 'ఆయ్' అనండి. ఇంకో మాటొద్దు. ఈ సంబంధం కూడా మీ నోటి వల్ల చెడితే నేను అబ్బాయి వైపే ఉంటాను, ముందే చెప్తున్నా."

"ఆయ్" అన్నారు రావుగారు. కారు నడుపుతున్న కొడుకు అద్దంలోంచి తండ్రిని జాలిగా చూశాడు.

రాజోలులో భోజనం మామూలుగానే భయంకరంగా జరిగింది. కోడి పలావు, రొయ్యల ఇగురు, చేపల పులుసు, వద్దంటే వడ్డించడం, చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించడం. ఆపసోపాలు పడుతూ వరండాలోకి వచ్చి కూర్చున్నాక మాటలు అయిపోయాయి. ఇక్కడే రావుగారు ఒక పొరపాటు చేశారు. ఊరికే కూర్చోవడం బాగుండదని, ఎదురుగా ఎరువుల కొట్టువాడిచ్చిన క్యాలెండరు కనిపిస్తే "మంచుకొండ భలే ఉందండి" అనేశారు.

చుట్టాలింట్లో దేన్నయినా మెచ్చుకోవడం ఎంత ప్రమాదమో కోనసీమవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మొదటిసారి వచ్చినప్పుడు పడక్కుర్చీ హాయిగా ఉందన్నందుకు అది మర్నాడే ట్రక్కు ఆటో ఎక్కి కొత్తపేటకి వచ్చేసింది.

"అలాంటి కొండ ఎక్కితే జన్మ ధన్యమండి బావగారూ" అన్నారు వీర్రాజు గారు.

"ఆయ్."

"ఎప్పుడైనా మనమిద్దరం వెళ్ళాలండి."

"ఆయ్."

కాఫీ గ్లాసులు తీస్తున్న మమత ఒక్క క్షణం ఆగి నాగసతీష్ వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. ముహూర్తం సంగతి ఆ పూట కూడా "మీ ఇష్టమండి" దగ్గరే ఆగింది.

వారం తిరక్కుండా రావుగారి ఫోనుకి సందేశం వచ్చింది. కామేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ అని కొండటండి. గైడుతో సహా ఆరు రోజుల నడకట. మీకూ వీర్రాజు అన్నయ్యగారికీ సీట్లు ఖాయమైపోయేయి."

రావుగారు పుట్టి బుద్ధెరిగాక ఎక్కిన ఎత్తల్లా గోదావరి ఏటిగట్టు, అదీ స్కూటరు మీద. కుర్చీ పంపినట్టే వియ్యంకుడు కొండనీ పంపించేశాడన్నమాట. వెంటనే ఫోను చేశారు.

"సీట్ల సంగతి తెలిసిందండి బావగారూ. ఎందుకండీ ఇంత శ్రమ?"

"అయ్యో, శ్రమేముందండి. అంతా మీ అభిమానమండి" అన్నారు అవతల వీర్రాజు గారు, గొంతు కాస్త వణుకుతుండగా. అది ఉత్సాహమనుకున్నారు రావుగారు.

తప్పించుకునే ప్రయత్నాలు చెయ్యకపోలేదు. మోకాళ్ళు పీకుతున్నాయని కొడుకు ద్వారా కబురు పెట్టించారు. సాయంత్రానికల్లా రాజోలు నుంచి సీసాడు తైలం వచ్చింది. దాని వాసనకి కామేశ్వరి ఆయన మంచాన్ని పెరట్లోకి మార్పించింది. పోనీ నాలుగు అడుగులు వేసి మోకాళ్ళు నిజంగానే పట్టేశాయని చెబుదామని ఏటిగట్టు మీద నడక మొదలుపెట్టారు. ఊళ్ళోవాళ్ళు అది సాధన అనుకున్నారు. ఎవరో వీడియో తీసి పంపితే అది రాజోలు చేరింది. బావగారంత పట్టుదలగా ఉంటే నేనూరుకుంటానా అని వీర్రాజు గారు అక్కడ వీపున కొబ్బరికాయల బస్తా వేసుకుని నడవడం మొదలుపెట్టారట. ఆఖరికి కొత్తపేట సెంటర్లో ఫ్లెక్సీ వెలిసింది. మంచుకొండ నెత్తిన రావుగారు పంచెకట్టుతో నిలబడి నమస్కారం పెడుతున్నారు. కింద "హిమశిఖరానికి బయలుదేరుతున్న మా ఊరి సింహం" అని రాసి, కట్టించినవాళ్ళ ఫొటోలు వరసగా వేశారు. ఫ్లెక్సీ పడ్డాక ఇంట్లో కూర్చోవడానికి లేదు.

కొండ కింది ఊళ్ళో వీళ్ళకి గైడుగా బిష్ట్ అనే సన్నటి మనిషి దొరికాడు. రావుగారి హిందీ "అచ్ఛా" దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. వీర్రాజు గారికి అదీ రాదు. దేవదారు చెట్ల మధ్య దారి సన్నగా, ఒక్కొక్కరే నడిచేలా ఉంది.

"ముందు మీరండి, బావగారూ."

"అబ్బే, ముందు మీరండి."

"పెద్దవారు, మీరుండగా నేనా."

వెనకాల బెంగుళూరు పిల్లలు, పుణె నుంచి వచ్చిన దంపతులు, సామాన్లు మోసే కంచరగాడిదలు బారులు తీరి నిలబడ్డాయి. దారి వెడల్పయ్యేదాకా ఇదే తంతు. రెండో రోజుకి బిష్ట్‌కి తెలుగులో ఆ ఒక్క ముక్కా పట్టుబడింది. దాన్ని అతను తిట్టనుకున్నాడో ఏమో, గాడిద మొరాయించినప్పుడల్లా "ముందు మీరండీ" అని గట్టిగా అదిలించేవాడు. గాడిద కదిలేది.

గుడారం దగ్గర మాత్రం వీళ్ళిద్దరికీ తిరుగులేకుండా పోయింది. సంచుల్లోంచి పూతరేకులు, కాజాలు, ఆవకాయ బయటికొచ్చాయి. పుణె ఆవిడ వద్దంటే చెయ్యి మీద వడ్డించారు. పిల్లలు వీళ్ళ చుట్టూ మూగారు. కాళ్ళు పుళ్ళు పడినా రావుగారికి మనసులో ఎక్కడో హుషారుగానే ఉంది. ఆ మాట పైకి అనలేదు. అంటే వీర్రాజు గారు ఇంకో కొండ ఎక్కిస్తారు.

శిఖరమెక్కే రోజున తెల్లారేసరికి మోకాలి లోతు మంచులో నడుస్తున్నారు. ముక్కులు కారుతున్నాయి, వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఇంకొక్క వాలు ఎక్కితే శిఖరమనగా ఇద్దరూ ఆగిపోయారు.

"ముందు మీరండి" అన్నారు వీర్రాజు గారు, పళ్ళు టకటకలాడుతుంటే.

బిష్ట్ ఆకాశం వంక చూపించి, మబ్బు కమ్ముకొస్తోంది, ఎవరో ఒకరు కదలండని చేతులు జోడించాడు. రావుగారు కదల్లేదు. వియ్యంకుడికన్నా ముందు శిఖరం మీద కాలు పెట్టడం కన్నా అమర్యాద ఉంటుందా? ఇక్కడ అమర్యాద జరిగితే మాఘం గల్లంతు, సంబంధం గల్లంతు, కొడుకు ముఖం ఎలా చూడాలి? అంతలో ముక్కు మీది బొట్టు గడ్డకట్టింది. దాంతో ఆయనలో ఏదో తెగింది.

"బావగారూ, ఏమీ అనుకోకపోతే ఒక్క మాటండి. నాకీ కొండ అస్సలు అక్కర్లేదండి."

అనేసి కళ్ళు మూసుకున్నారు. అంబాజీపేట జున్ను కళ్ళ ముందు కదిలింది. కాసేపటికి దబ్బుమని చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే వీర్రాజు గారు మంచులో చతికిలబడి ఉన్నారు.

"చంపేరు కదండీ బావగారూ. నాకు మాత్రం ఎవడిక్కావాలండి ఈ కొండ?"

"మరి సీట్లెందుకు తీసేరండీ?"

"నేనెక్కడ తీసేనండి? మీరు ముచ్చటపడి తీసేరనుకునే కదండీ కిక్కురుమనకుండా వచ్చేను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు రావుగారికి నవ్వొచ్చింది, తరవాత వీర్రాజు గారికి. పొట్టలు పట్టుకుని, మంచు మీద దొర్లినంత పని చేసి నవ్వారు. పై గాలికి వీళ్ళకి మతి పోయిందేమోనని బిష్ట్ మందుల సంచీ తీశాడు.

నవ్వుతూనే లేచారు, మాట్లాడుకుంటూ నడిచారు. ఇన్నాళ్ళూ బిగబట్టిన నిజాలన్నీ కట్ట తెగినట్టు వచ్చేశాయి.

"ఆ పడక్కుర్చీ మా నాన్నగారిదండి. మీరు మెచ్చుకున్నారని ఇచ్చేసేను గాని వారం రోజులు నిద్రపట్టలేదు."

"పట్టుకుపోండి బాబూ, దాంట్లో కూర్చుంటే నా నడుం పట్టేస్తోంది. మీ తైలం కూడా పట్టుకుపోండి."

"పెళ్ళి మాత్రం మా కొబ్బరితోటలో చెయ్యాలండి."

"తోటలో చీమలుంటాయండి. మా కొత్తపేట మండపంలో చేద్దాం."

"మీ మండపంలో గాలాడదండి."

వాదులాట మంచి రసపట్టులో ఉండగా బిష్ట్ ఇద్దరి భుజాలూ పట్టుకుని ఆపి చేతిలో జెండా పెట్టాడు. చూస్తే ఎక్కడానికి ఇంకేమీ లేదు. శిఖరం మీద ముందు ఎవరు కాలు పెట్టారో వాళ్ళకే తెలియదు. చుట్టూ వెండికొండలు, వాటి మీద అప్పుడే పడుతున్న ఎండ. రావుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత ఆనందం తనకి రాసిపెట్టి ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. "బాగుందండి" అన్నారు. ఈసారి నిజంగానే అన్నారు.

కొండ దిగి ఊళ్ళోకి వచ్చాక ఫోను పలికింది. తెరలో కామేశ్వరి, వీర్రాజు గారి భార్య వీరవేణి, పక్కన పిల్లలిద్దరూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు.

"మాఘ శుద్ధ దశమి ఖాయం చేసేసేం" అంది కామేశ్వరి. "మండపం, వంటలు, పిలుపులు, అన్నీ అయిపోయేయి. మీరిద్దరూ ఊళ్ళో లేకపోయేసరికి ఒక్క పూటలో తేలిపోయిందండి."

"సీట్లు నేనే తీసేను మామయ్యగారూ" అంది మమత, తల వంచుకుని. "ఇంకో దారి కనపడలేదండి. అత్తయ్యగారూ సరేనన్నారు."

వాళ్ళు ఎదురుచూసింది ఒకటే. ఇటునుంచి వియ్యంకులిద్దరూ కలిసి "మీ ఇష్టమండి" అంటారని.

"మండపమేంటమ్మా?" అన్నారు వీర్రాజు గారు. "గాలాడదని చెప్పేను కదా బావగారితో."

"వంటల్లో ఏం రాసేరో చదవండి" అన్నారు రావుగారు ఫోను లాక్కుంటూ. "గుత్తివంకాయా? పెళ్ళిలో గుత్తివంకాయ ఎవడు తింటాడండీ?"

"గుత్తివంకాయ నాకిష్టమండి. అది ఉండాల్సిందే" అన్నారు వీర్రాజు గారు.

"మీకిష్టమైతే మీ ఇంట్లో వండుకోండి."

"దశమి మాత్రం కుదరదండి, ఆ రోజు మా తోట కొబ్బరి లోడు వెళ్ళాలి."

రైల్లో, బస్సులో, రావులపాలెం దాటి ఇంటికి చేరేదాకా ప్రతి స్టేషన్లోనూ ఫోను చేసి ఇద్దరూ తమ తమ ఇష్టాలు వివరంగా చెబుతూనే ఉన్నారు. వాళ్ళు ఇల్లు చేరిన సాయంత్రమే మమత, కేదార్‌కంఠ కన్నా ఎత్తైన కొండలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోనులో వెతకడం మొదలుపెట్టింది.