నీటి కొరత లేని మొక్క

ప్రకృతిని కాపాడే పని ఇన్నాళ్ళూ వానలూ, అడవులూ, ఋతువులూ వాటికి తోచినట్టు అవే చూసుకునేవి. వాటి పనితీరు సంతృప్తికరంగా లేదని గమనించిన తీర హరిత దాంపత్య విభాగం, ఆ బాధ్యత నుంచి వాటిని తప్పించి, కొత్తగా పెళ్ళైన జంటలకు అప్పగించింది.

నియమం చాలా తేలిక. పెళ్ళైన వారం లోపల, విభాగం చూపించిన చోట దంపతులు ఒక సరుగుడు మొక్క నాటాలి. ఆరు నెలలకు అదే చోట, అదే మొక్కతో, నవ్వుతూ ఫొటో తీసుకుని యాప్‌లో ఎక్కించాలి. మొక్క బతికి ఉంటే పెళ్ళి ధ్రువపత్రం వస్తుంది. (మొక్క చచ్చిపోయి పెళ్ళి మాత్రం బతికి ఉంటే ఏం చెయ్యాలో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. సభ్యులందరూ పెళ్ళైనవాళ్ళే కావడంతో నివేదిక ఆలస్యమవుతోంది.)

చంద్రికకు ఈ నియమం తెగ నచ్చింది. అప్పటికి పెళ్ళై నాలుగు రోజులే కాబట్టి ఆమెకు నచ్చనిదంటూ లోకంలో ఏదీ లేదు. నాగవంశీ తడి తువ్వాలును కొలిచినట్టు మడతపెట్టి ఆరెయ్యడం నచ్చింది. గాజువాక షేర్ ఆటోలో చోటు చాలక ఇద్దరూ ఇరుక్కుని కూర్చోవలసి రావడం మరీ నచ్చింది. జాలరిపేట ఇసుకలో, పైడయ్య అనే ముసలి జాలరి ఇంటి గుమ్మం పక్కన విభాగం వాళ్ళు కర్ర పాతి చూపిస్తే, అక్కడ ఇద్దరూ కలిసి మొక్క నాటారు. పైడయ్య లోపలి నుంచి బిందెడు మంచినీళ్ళు తెచ్చి పోశాడు. మొక్కకు 214 అని బిళ్ళ కట్టారు. చంద్రిక దానికి రహస్యంగా ఇంకో పేరు పెట్టుకుంది. అది భార్యాభర్తల మధ్య విషయం.

నాగవంశీ ఉద్యోగం అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో. అక్కడ అయిదుగురు బ్రహ్మచారులతో ఒకే గదిలో ఉంటూ శనివారం సాయంత్రం గాజువాక వచ్చి, సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోయేవాడు. గాజువాకలో ఉన్నవి రెండు గదులు. అత్తగారు తాయారు, మామగారు, ఇద్దరు మరుదులు. కొత్త దంపతులు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే మేడ మీద నీళ్ళ టాంకీ వెనక్కి వెళ్ళాలి. అక్కడికి కూడా అప్పడాలు ఆరాయో లేదో చూడడానికి ఎవరో ఒకరు వస్తారు.

అలాంటి సమయంలో ఫ్యాక్టరీ వాళ్ళ ఫ్యామిలీ క్వార్టర్ ఒకటి ఖాళీ అయింది. నవంబరు ముప్పై లోపల పెళ్ళి ధ్రువపత్రం ఇస్తే నాగవంశీది. లేకపోతే జాబితాలో తరవాత ఉన్న కన్నబాబుది. (కన్నబాబుకి పెళ్ళై పదకొండేళ్ళు. భార్యతో కలిసి ఉండాలని ఆయనకు అంత తొందర ఉన్నట్టు కనబడదు.)

అక్టోబరులో తుఫాను వచ్చింది. సముద్రం నలభై గజాలు లోపలికి నడిచి వచ్చి, ముందు వరస ఇళ్ళనూ, అరవై ఒక్క సరుగుడు మొక్కలనూ బిళ్ళలతో సహా తీసుకుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

చంద్రిక యాప్ తెరిచింది. మొక్క లేకపోవడానికి కారణం ఎంచుకోమంది. మేక తిన్నది, ఆవు తిన్నది, దొంగలు ఎత్తుకుపోయారు, విడాకులు. ఇవి కాక మరొకటి లేదు. నాగవంశీ మేక అని నొక్కుదామన్నాడు. నొక్కితే మేక యజమాని ఆధార్ నంబరు అడిగింది.

నాగవంశీ సెలవు పెట్టుకుని వస్తే ఇద్దరూ విభాగానికి వెళ్ళారు. హరిత ఉపపరిశీలకులు గవర్రాజు గారు వాళ్ళ గోడు ఓపిగ్గా విన్నారు. సముద్రం తమ శాఖ కిందకి రాదనీ, అది వేరే శాఖ అనీ, ఆ శాఖకూ తమకూ ఉత్తరప్రత్యుత్తరాలు లేవనీ వివరించారు. తరవాత కంప్యూటర్లో 214 మొక్క అక్షాంశమూ రేఖాంశమూ చూపించారు.

"ఈ అంకెలు ఏమైనా మారాయామ్మా? మారలేదు. అంటే చోటు ఎక్కడిదక్కడే ఉంది."

"అక్కడ ఇప్పుడు సముద్రం ఉంది సార్."

"ఉండనివ్వండి. ఫొటో తీసుకోవద్దని సముద్రం ఏమైనా అందా?"

అనలేదు. ఆ మాట చంద్రిక కూడా ఒప్పుకోవలసి వచ్చింది.

ఆరు నెలలు నిండిన నవంబరు ఇరవై తొమ్మిదో తారీకు పొద్దున్నే పైడయ్యను వెతుక్కుంటూ వెళ్ళారు. ఆయన వెనక వీధిలో మేనల్లుడి అరుగు మీద కాపురముంటున్నాడు. ఇల్లు సముద్రంలో కలిసిపోయింది, మరోచోట స్థలం ఇప్పించండని తీర నివాస పరిశీలన విభాగానికి అర్జీ పెట్టుకుని, జవాబు కోసం చూస్తున్నాడు. పడవ మాత్రం మిగిలింది. విషయం విని ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. ఎక్కండి అన్నాడు.

చంద్రిక పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. పడవెక్కడం ఆమెకు అదే మొదటిసారి. అల ఎత్తి దించినప్పుడల్లా నాగవంశీ చెయ్యి పట్టుకోవడానికి అధికారికంగా కారణం దొరుకుతోంది.

ఫొటో తీసుకోవాలంటే, యాప్ చూపించే చోటికి మూడు మీటర్ల లోపల ఉండాలి. అది కుడికి పొమ్మంటే కుడికి పోయారు. ఎడమకి పొమ్మంటే ఎడమకి పోయారు. అల కదిలిస్తోంది, ఫోను తెర మీద చుక్క తిరుగుతోంది, పడవ చుట్టూ చుట్టూ తిరుగుతోంది.

"ఆ డబ్బా జేబులో ఎట్టు బాబూ," అన్నాడు పైడయ్య.

సముద్రంలో చోటు గుర్తుపెట్టుకోవడానికి జాలరులు నీళ్ళవైపు చూడరు, ఒడ్డువైపు చూస్తారు. రెండు దిక్కుల్లో రెండేసి గురుతులు ఒకదాని వెనక ఒకటి చేరితే, అదీ చోటు. పైడయ్య అటు రేవు క్రేను కొండ మీద లైట్‌హౌస్ కిందకి వచ్చేదాకా, ఇటు మేడ మీది నీలం టాంకీ సెల్ టవరు వెనక దాక్కునేదాకా తెడ్డు వేసి, ఆపాడు.

"ఇదమ్మా మా గుమ్మం. నాను కూకోని బువ్వ తినీవోడిని ఇక్కడే. నీ మొక్క ఈ ఎడం పక్కన."

చంద్రిక కిందకి చూసింది. ఏమీ కనబడలేదు. గుమ్మం మీద నిలబడకూడదని చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి, పాదాలు కొంచెం వెనక్కి తీసుకుంది.

నాగవంశీ ఫోను చాపి పట్టుకున్నాడు. వాళ్ళ వెనక పైడయ్య నిలబడి పడవ కదలకుండా గెడ వేశాడు. యాప్ మూడు మొహాలను గుర్తించి, వాటిలో ఒకటి నవ్వడం లేదని ఫొటోను తిరస్కరించింది.

"కొంచెం నవ్వాలట తాతా," అన్నాడు నాగవంశీ మొహమాటంగా.

"ఇక్కడేటి నవ్వడం?" అన్నాడు పైడయ్య. తరవాత చంద్రిక మొహం చూసి, నవ్వాడు.

యాప్ ఒక్క నిమిషం ఆలోచించింది. చంద్రిక చీర చుట్టూ చతురస్రం గీసి ఫలితం ప్రకటించింది. మొక్క: సజీవం. ఎత్తు: అయిదడుగుల రెండంగుళాలు. నీటి లభ్యత: పుష్కలం. ధ్రువపత్రం అక్కడే, పడవలోనే వచ్చేసింది. నాగవంశీ ఆనందం పట్టలేక లేచి నిలబడబోతే పైడయ్య మందలించి కూర్చోబెట్టాడు.

క్వార్టర్ వచ్చింది. ఒక గది, ఒక వంటగది, చంద్రిక ఎంత లెక్కపెట్టినా ఇద్దరే మనుషులు. పొద్దున్న లేచి టీ పెట్టుకోవడం కూడా పండగలాగే ఉండేది. డిసెంబరులో ఒక ఆదివారం ఇద్దరూ మాడుగుల హల్వా డబ్బా పట్టుకుని జాలరిపేట వెళ్ళారు.

పైడయ్య హల్వా తీసుకుని, అరుగు గూట్లోంచి ఒక కవరు తీశాడు. అర్జీకి జవాబు వచ్చిందట. చదివిపెట్టేవాళ్ళు దొరక్క మూడు రోజులుగా అలాగే ఉంచాడు.

"ఏటి రాసినారో ఓపాలి సదివి పెట్టమ్మా. తలం ఎక్కడ ఇత్తన్నారో."

చంద్రిక కాగితం విప్పింది. కింద ఒక ఫొటో జతచేసి ఉంది. పడవ కనబడకుండా అంచు దాకా కత్తిరించారు. ఆకుపచ్చ చీర ఉంది, వెనక పైడయ్య ఉన్నాడు. ఆమె మొదటి రెండు వాక్యాలూ లోపలే చదువుకుంది. పైడయ్య ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఇక తప్పక పైకి చదివింది.

"మీ ఇంటి స్థలం సముద్రంలో కలిసినట్లు చేసిన అర్జీ తిరస్కరించడమైనది. సదరు స్థలంలో 214 నంబరు సరుగుడు మొక్క ఆరోగ్యంగా పెరుగుతున్నట్లు హరిత దాంపత్య విభాగం ధ్రువీకరించినది. పైగా నవంబరు ఇరవై తొమ్మిదిన అర్జీదారు స్వయముగా ఆ స్థలంలో నవ్వుతూ నిలబడి ఉన్నట్లు జతపరచిన ఫొటో వలన రుజువగుచున్నది. మొక్క మీద నీడ పడుతున్నందున, అర్జీదారు ఇకమీదట కొంచెం పక్కకు జరిగి నివసించవలెను."