మొటిమల మందు, ముదురు రంగు బట్టలు

ఆ ఉదయం పాపాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్ళాలి, చూపించుకోవాలి, తండ్రి లాండ్రీ తలుపులు తీసే వేళకి ఏమీ ఎరగనట్టు కౌంటర్ దగ్గర కూర్చోవాలి. అంతే.

పాపాయి అంటే పసిపిల్ల కాదు. ఇరవై ఆరేళ్ళ మనిషి. ఆమె తరవాత ఇంట్లో ఎవరూ పుట్టకపోవడంతో ఆ పేరు ఆమెకే ఉండిపోయింది. బడి చదువు ముగియకముందే మొదలైన మొటిమలు కూడా ఆమెకే ఉండిపోయాయి. నుదురు, బుగ్గలు, దవడ, ఒకచోటని కాదు. లాండ్రీలో ఆమె కూర్చునే కుర్చీ ముందు ఉతికిన కోట్లు వరసగా వేలాడుతూ ఉండేవి. వాటిని అక్కడ వేలాడదీసింది ఆమే. బట్టలకోసం వచ్చేవాళ్ళకి కోట్ల మధ్యనుంచి ఒక చెయ్యి, ఆ చేతిలో రసీదు కనిపించేవి. మనిషి కనిపించేది కాదు.

"మొటిమలంటే వయసొచ్చిన గుర్తే. అవే పోతాయి," అనేది తల్లి.

"వయసొచ్చి పదేళ్ళు దాటిందమ్మా. నాకు గుర్తుంది. ఇంకా గుర్తుచెయ్యక్కర్లేదు."

మేనమామ అలా వదిలేసే రకం కాదు. ఎవరికి ఏ జబ్బు వచ్చినా ఆయన దగ్గర ఒక మందు సిద్ధంగా ఉంటుంది. ఆ మందు ఆ జబ్బుకేనా అన్నది వేరే సంగతి. ఆయన తెచ్చిచ్చిన పూత రాసిన నాలుగు రోజులకే మొహం అద్దంలా అయింది. ఇల్లంతా పొంగిపోయింది. పూత మానిన వారానికి వెళ్ళిన మొటిమలు చుట్టాలని వెంటేసుకుని మరీ తిరిగొచ్చాయి.

చర్మ వైద్యురాలు పెద్దగా మాట్లాడని మనిషి. దీపం దగ్గరికి లాగి, భూతద్దంలోంచి పాపాయి మొహాన్ని భాగాలు భాగాలుగా చూసింది.

"నుదుటి మీదివి మూసుకుపోయిన రంధ్రాలు, అంతే. స్వల్పం. బుగ్గల మీద ఎర్రగా లేచి చీము పట్టినవి ఉన్నాయే, అవి మధ్యస్థం. ఇదిగో, దవడ కింద ఇవి... నొప్పిగా ఉంటాయా?"

"ఆవలించినా నొప్పేనండీ."

"ఇవి లోపలి గడ్డలు. తీవ్రం."

"మరి నాకున్నది ఏదండీ?"

"మూడూ ఉన్నాయి. వైద్యం మాత్రం తీవ్రమైనదాన్ని బట్టే చేస్తాం. ఆ పూతేదో రాశానన్నావు, దాన్ని అవతల పారెయ్. దానివల్లే ఇవి ఇంత పెరిగాయి. ముందే రావలసింది. కొన్నిచోట్ల గుంటలు పడ్డాయి. అవి పూర్తిగా పోవు."

'పోవు' అన్న మాట దగ్గర పాపాయికి ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ తన మానాన చెప్పుకుపోతూనే ఉంది: మాత్ర రోజూ తిండి తిన్నాకే వేసుకోవాలి, ఈ జెల్ ఉదయంపూట పలచగా రాయాలి, గిల్లకూడదు, మొదట్లో చర్మం ఎండి పొట్టు రేగినా భయపడకూడదు, మూడు నెలలు ఓపిక పట్టాలి, అప్పటికీ తగ్గకపోతే రక్తపరీక్షలు చేసి ఇంకో మాత్ర ఇస్తాను. ఇవన్నీ ఎలాగో చెవికెక్కాయి. చివర్లో ఆవిడ, "ఈ జెల్ తగిలితే బట్టల రంగు పోతుంది, చూసుకో," అన్నప్పుడు మాత్రం పాపాయి జేబురుమాలులో మొహం దాచుకుని గట్టిగా ముక్కు చీదుతోంది. లాండ్రీ వాళ్ళమ్మాయి విని తీరవలసిన మాట అదొక్కటే.

నెల తిరిగేసరికి దవడ మీది గడ్డలు మెత్తబడ్డాయి. ఆవలిస్తే నొప్పి లేదు. ఆ సంబరంలో పాపాయి డాక్టరమ్మ చెప్పినదానికి తనవంతు కలిపింది. ఉదయం రాయడమే కాక, మధ్యాహ్నం కోట్ల వెనక చేరి ఇంకోసారి, అదీ దవడకి దట్టంగా, రాయడం మొదలుపెట్టింది. రాసిన వేళ్ళతోనే కోట్లకి గుండీలు పెట్టేది. పెద్ద బట్టలైతే నడుమ భాగాన్ని గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ చాచి మడతపెట్టేది. ఆమె వేసుకునేది తెల్లకోటు. ఇంట్లో తువ్వాళ్ళూ దిండు గలీబులూ తెల్లవే, లాండ్రీ వాళ్ళకి ముదురు రంగులంటే అలుపు. కాబట్టి ఆమెకేమీ కనిపించలేదు.

మొదట కనిపించింది బీమా ఆఫీసరుకి. ఉతికించుకెళ్ళిన నీలం కోటు రెండో రోజున తిరిగి తెచ్చాడు. గుండీల పక్కన పాలిపోయిన చుక్కలు, ఒకదాని కింద ఒకటి.

"తీసుకెళ్ళినప్పుడు లేవండీ ఇవి!" అన్నాడు తండ్రి.

"అదే నేనూ అంటున్నాను. ఇచ్చినప్పుడూ లేవు, తీసుకెళ్ళినప్పుడూ లేవు. ఇప్పుడున్నాయి."

తండ్రి నీళ్ళని అనుమానించాడు. ట్యాంకు ఖాళీ చేయించి, లోపలికి దిగి తనే తోమాడు. ఆ మర్నాడు హోటల్ నుంచి మెరూన్ టేబుల్ గుడ్డలు తిరిగొచ్చాయి. ప్రతి గుడ్డకీ సరిగ్గా నడిమధ్యన తెల్లటి మచ్చ. సబ్బు పొడి మార్చాడు. లాయరు గారి నల్ల గౌనుకి మెడ దగ్గర మచ్చ వచ్చింది. మెకానిక్కుని పిలిచి మిషన్ విప్పించాడు. అతను దాన్ని ముక్కలు ముక్కలుగా నేలమీద పరిచి, తప్పేమీ లేదని తేల్చి, తిరిగి బిగించి వెళ్ళాడు. అప్పట్నుంచీ మిషన్ తిరిగినప్పుడల్లా ఎవరో దగ్గుతున్నట్టు చప్పుడు.

బయట ముసురు పట్టింది. లోపల ఆవిరి. బట్టలు వేసేవాళ్ళు తగ్గిపోయారు. తండ్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు. పాపాయి మొహం మాత్రం రోజురోజుకీ తేటపడుతోంది. ఆ సంగతి ఎవరూ చూడలేదు. అందరి చూపూ బట్టల మీదే.

చివరికి అనుమానం ఇస్త్రీ బాబాయి మీదికి వెళ్ళింది. పాపాయికి ఊహ తెలిసినప్పటినుంచీ ఆ వెనకగదిలో నిలబడి ఇస్త్రీ చేస్తున్న మనిషి ఆయన. మోకాళ్ళ నొప్పికి ఏదో మందు రాసుకుంటాడు. మేనమామ ఆ డబ్బా పట్టుకొచ్చి, మూత తీసి, వాసన చూసి, దొంగ దొరికినట్టు తలాడించాడు.

"ఇంకేం కావాలి బావా? చేతులకి మందు, చేతుల్లో బట్టలు. మచ్చలు రాక ఏమొస్తాయి?"

"మోకాళ్ళకి రాసుకుని చేతులు కడుక్కుంటానయ్యా," అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"సరిగ్గా కడుక్కోవట్లేదేమో," అన్నాడు తండ్రి, ఆయన మొహం చూడకుండా.

ఇస్త్రీ బాబాయి పెట్టె స్విచ్చి కట్టేశాడు. తన డబ్బా తీసుకుని, కౌంటర్ దగ్గర ఒక్క క్షణం ఆగి, "వస్తానమ్మా," అని వానలోకి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో పాపాయి మొహం గురించి ఒక్క ముక్కా మాట్లాడనివాడు ఆయన ఒక్కడే. జేబులో జెల్ పెట్టుకుని ఆమె ఆయన వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. ఇంటికెళ్ళి శాలువా కప్పుకున్న తల్లి భుజం మీద తలవాల్చి చాలాసేపు ఏడ్చింది.

ఆయన వెళ్ళినా మచ్చలు ఆగలేదు. పైగా ఇస్త్రీ చేసే దిక్కు లేక తండ్రే పెట్టె పట్టుకుని, ఎవరిదో ప్యాంటు మోకాలి దగ్గర మాడ్చాడు. ఇస్త్రీ బాబాయిని ఎదుటి లాండ్రీ వాళ్ళు పనిలో పెట్టుకున్నారని తెలిసింది. దాంతో మేనమామ బుర్ర మళ్ళీ వెలిగింది.

"చూశావా? అసలు కథ ఇదన్నమాట. ఎదుటివాడు డబ్బాశ చూపించి మన బట్టల మీద ఆసిడ్ చల్లించాడు. పని అయిపోయింది, మనిషిని లాక్కున్నాడు."

"మనిషి వెళ్ళాక కూడా మచ్చలొస్తున్నాయి కదరా?"

"అదే వాడి తెలివి!"

తండ్రికి నమ్మకం కుదరలేదు. అయినా నమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు. బావా బావమరుదులిద్దరూ రోడ్డు దాటి వెళ్ళి, ఎదుటి లాండ్రీ యజమానిని నలుగురిలో నానా మాటలూ అన్నారు. ఆయన అంతకి రెండింతలు అన్నాడు. ఆ గొడవ చూడ్డానికి ఆగినవాళ్ళందరికీ మచ్చల సంగతి వివరంగా తెలిసింది. వానకి గొడుగులు పట్టుకుని మరీ విన్నారు.

ఆ మర్నాడే తల్లి తన ఊదారంగు శాలువా పట్టుకుని పరుగున వచ్చింది. "అయ్యో, వాళ్ళు మన ఇంట్లోకి కూడా వచ్చారే! బీరువాలో పెట్టింది పెట్టినట్టే ఉంది. భుజం మీద చూడు!"

తాళాలు మార్పించాలన్నాడు మేనమామ. పాపాయి శాలువా చేతిలోకి తీసుకుంది. భుజం దగ్గర పాలిపోయిన మచ్చ. ఒకవైపు గుండ్రంగా బుగ్గ, కింద వంపు తిరిగిన దవడ, కొసన గడ్డం. పదేళ్ళుగా ఆమె రోజూ అద్దంలో వెతికి వెతికి చూసుకున్న మొహం. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు.

ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"రంగు పోతుందని మొదటిరోజే చెప్పానుగా," అంది డాక్టరమ్మ.

"వినపడలేదండీ. అప్పుడు ఏడుస్తున్నాను."

"నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగంమంది ఏడుస్తారమ్మా." ఆవిడ కలం చేతిలోకి తీసుకుంది. "ఏడుపు ఆగాక ఇంకోసారి చెప్పవలసింది. నాదీ తప్పే." తరవాత దీపం దగ్గరికి లాక్కుని మొహం చూసింది. "గడ్డలు పోయాయి. తీవ్రం నుంచి మధ్యస్థానికొచ్చావు. ఇప్పుడు మానేస్తే మొదటికొస్తుంది. రాసుకో, కానీ ఒక్కపూటే, పలచగా. ఆరాక చేతులు కడుక్కుని అప్పుడు పనిలోకి వెళ్ళు. ఇంతకీ ఏం పని చేస్తావు?"

పాపాయి చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

తిరిగొచ్చేసరికి షాపు నిండా జనం. లాయరు గారు గౌను కౌంటర్ మీద పరిచి, ఎవరి మీద కేసు వెయ్యాలో తేల్చండని కూర్చున్నాడు. తన పరువు సంగతేమిటని ఎదుటి లాండ్రీ ఆయన నిలదీస్తున్నాడు. ఆయన వెనక సాక్షిగా ఇస్త్రీ బాబాయి తలొంచుకుని నిలబడ్డాడు. గుమ్మం దగ్గర గొడుగులు.

పాపాయికి వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. వేలాడే కోట్ల వెనక్కి చేరడం ఇంకా తేలిక. ఆమె రెండు చేతులతో కోట్లన్నీ పక్కకి జరిపి ముందుకొచ్చింది.

"ఎవరూ ఏమీ చల్లలేదు. ఆ మచ్చలు నావల్లే వచ్చాయి. మొటిమలకి రాసుకునే మందు." జెల్ తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఇది తగిలితే రంగు పోతుందట. నాకు తెలీదు. ఇవాళే తెలిసింది."

అందరూ ఒక్కసారే ఆమె మొహం వైపు చూశారు. పదేళ్ళుగా ఆమె ఏ చూపునుంచి దాక్కుందో ఆ చూపే, ఇన్ని కళ్ళతో. ఆమె తల దించలేదు.

తండ్రి కూడా చూశాడు. ఆయన చూపు అక్కడే ఆగిపోయింది.

"తగ్గాయే," అన్నాడు. "పాపాయ్, బాగా తగ్గాయే! ఎప్పుడు తగ్గాయి?"

"మీరు ట్యాంకు తోముతున్నప్పుడు నాన్నా."

"మరి ఈ గౌను..." అంటూ లాయరు నోరు తెరిచాడు.

"కొత్తది కుట్టించి ఇస్తానండీ," అన్నాడు తండ్రి. "అందరి బట్టలకీ పూచీ నాది. అమ్మాయిని ఎవరూ ఏమీ అనద్దు. అది మందు మానడానికి వీల్లేదు."

తరవాత ఎదుటాయనకి చేతులు జోడించాడు. ఇస్త్రీ బాబాయి దగ్గరికి వెళ్ళాడు. "తప్పయింది. వచ్చెయ్," అన్నాడు.

ఇస్త్రీ బాబాయి రెండు చేతులూ చాపి చూపించాడు. అరచేతులు పగిలి ఉన్నాయి. "నిజంగా నావల్లే అనుకున్నానయ్యా. అక్కడ ఒక్కో చొక్కాకీ ముందు సబ్బుతో రుద్దుకుంటున్నాను. ఇకనుంచి మానేస్తాను." పాపాయి కళ్ళనీళ్ళు చూసి గొంతు తగ్గించాడు. "నీమీద కోపం లేదు తల్లీ. కానీ తిరిగి రాను. అక్కడ నాకో కుర్చీ వేశారు."

ఇన్నేళ్ళలో తమ వెనకగదిలో కుర్చీ వెయ్యాలని తండ్రికి ఒక్కసారీ తోచలేదు.

కథ ఊరంతా పాకింది. ముదురు రంగు బట్టలు ఇచ్చేవాళ్ళు లేకుండా పోయారు. పాపాయి ఇప్పుడు చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని మరీ కూర్చుంటోందని తండ్రి చెప్పినా వినేవాళ్ళు లేరు. ఎదుటి షాపు ముందు వరసలు కట్టారు. తండ్రి ఖాళీ మిషన్ దగ్గు వింటూ కూర్చునేవాడు. తలుపులు మూసేద్దామని తల్లితో అంటున్న రోజునే డాక్టరమ్మ ఆస్పత్రి నుంచి మూటలొచ్చాయి. కోట్లు, దుప్పట్లు, తెరలు. అన్నీ తెల్లవే. వాటికి పోవడానికి రంగు లేదు. పది రోజుల్లో మరో రెండు ఆస్పత్రులు తోడయ్యాయి. తండ్రి బోర్డు మీద 'తెల్ల బట్టలు మాత్రమే' అని రాయించాడు.

కొత్త ఆస్పత్రుల్లో ఒకదానికి మొదటి విడత బట్టలు వెళ్ళిన మర్నాడు ఒక నర్సు తన కోటు పట్టుకుని వచ్చింది. పాపాయి కౌంటర్ దగ్గర లేచి నిలబడింది.

"ఏమైందమ్మా? మచ్చా?" అన్నాడు తండ్రి.

"మచ్చ లేదండీ. అందుకే వచ్చాను. నా కోటు జేబుకి సిరా మచ్చ ఉండాలి. ఇది నాది కాదు, ఇంకెవరిదో."

మచ్చ ఉతుకులో పోయినా కోటు ఆమెదేనని ఒప్పించడానికి తండ్రికి ఆ పూటంతా పట్టింది.